పాటతో పాటు రెండు వాక్యాలు

మా అయిదుగురి మధ్య ఒక ఒప్పందం ఉంది. ప్రతి ఆదివారం పొద్దున, వంతు ఎవరిదైతే వాళ్ళు మిగతా నలుగురికీ ఒక పాట పంపాలి. ఒక్కటే. దాంతో పాటు రెండు వాక్యాలు రాయాలి. ఇందులో చెవి ఎక్కడ పెట్టాలో ఒక వాక్యం, ఇది మాకెందుకు వినిపించాలనిపించిందో ఇంకో వాక్యం. బుధవారం లోపు మిగతావాళ్ళు దాన్ని మూడుసార్లు వినాలి. మూడోసారి పూర్తయ్యేదాకా బాగుందని గానీ బాలేదని గానీ ఎవరూ అనకూడదు. నాలుగేళ్ళుగా సాగుతోంది, పాటలు రెండు వందలు దాటాయి.

విజయనగరంలో పిల్లలకి గాత్రం నేర్పే అక్క ఒకరు. వరసకి అక్క కాదు, ఏళ్ళ తరబడి అలా పిలిచి పిలిచి అక్కే అయిపోయారు. పాలమూరు నుంచి వచ్చి హైదరాబాదులో డిగ్రీ పిల్లలకి చరిత్ర చెప్పే తమ్ముడు ఇంకొకడు. డాలస్‌లో ఉంటున్న నా ఇంటర్ స్నేహితుడు మూడోవాడు, వాడికి రాక్, మెటల్ తప్ప లోకం లేదు. మా పిన్ని కొడుక్కి ఇరవై మూడేళ్ళు, ర్యాప్ అంటే ప్రాణం. ఇక నేను, తెనాలిలో ఇళయరాజా పాటలతో పెరిగినవాణ్ణి. మామూలుగా అయితే ఈ అయిదుగురూ ఒకే పాటకి తల ఊపే అవకాశం ఏ పెళ్ళి ఊరేగింపులోనో తప్ప రాదు.

"పాట వినడానికి కూడా నియమాలా? ఏమన్నా పరీక్ష రాస్తున్నారా?" అని మా ఆవిడ మొదట్లో అడిగింది. తర్వాత చాలామంది అడిగారు. పుర్రెకో బుద్ధి జిహ్వకో రుచి, నచ్చితే వింటాం, లేకపోతే మానేస్తాం, దీనికింత తతంగం ఎందుకన్నారు. వాళ్ళకి జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాను. సంగీతానికి భాషతో పని లేదని మనం చిన్నప్పట్నుంచీ వింటున్నాం. ఆ మాట నేనొప్పుకోను. సంగీతానికి భాషలున్నాయి, లెక్కలేనన్ని ఉన్నాయి. మనం పుట్టి పెరిగిన సంగీతం మాటలతో పాటే నోటికొచ్చేసింది గనక అదొక భాష అని మనకి తోచదు, అంతే. తెలియని సంగీతం ముందు కూర్చున్నవాడికి పక్కన ఒక దుబాసీ కావాలి. ఆ పని స్నేహితుడు చెయ్యగలడు, శ్రద్ధ పెట్టి చేస్తే.

ఇది నాకు ముందే తెలిసిన సంగతి కాదు. ఒకసారి పూర్తిగా తప్పాక తెలిసింది.

ట్రంపెట్ అనే బాకా వాయించే మైల్స్ డేవిస్ 1959లో న్యూయార్కులో రెండు విడతల్లో రికార్డు చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' అనే జాజ్ ఆల్బం ఉంది. జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్, బిల్ ఎవాన్స్ పియానో. దాన్ని నేను 2009లో విన్నాను. కొన్ని వారాలపాటు ఇంకేమీ వినబుద్ధి కాలేదు. సీడీ కొని విజయనగరం పంపించాను. "అక్కా, ఇది చాలా గొప్పది, వినండి" అని మాత్రమే రాశాను. మూడు నెలలకి ఫోనులో వేరే మాటల మధ్య ఆవిడ అన్నారు: "విన్నాను రా. బానే ఉంది. పెద్ద హోటల్లో భోజనం దగ్గర పెడతారే, అలా ఉంది." నా మనసు నొచ్చుకుంది. కర్ణాటక సంగీతం వాళ్ళ చెవులు ఇంకో సంగీతానికి తెరుచుకోవు అని ఒక సిద్ధాంతం తయారు చేసుకుని, రెండేళ్ళు దాన్నే నమ్మాను.

తప్పు నాదే. గొప్పది అన్న మాటలో సమాచారం ఏమీ లేదు. అది నా సంతోషం గురించి చెబుతుంది, ఆ సంగీతం గురించి ఏమీ చెప్పదు. పైగా వినేవాళ్ళ మీద ఒక బరువు పెడుతుంది. గొప్పదనం కనబడకపోతే లోపం తమలోనే ఉందేమో అనుకోవాలి, లేదా గొప్పదన్నవాడిని అనుమానించాలి. ముప్పై ఏళ్ళు గమకాల మధ్య, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పాడే పద్ధతిలో బతికిన మనిషిని, శ్రుతిపెట్టె లేని, తాళం చేత్తో వెయ్యని, పల్లవి ఎక్కడుందో తెలియని చోట దింపేసి వచ్చాను నేను. కొత్త ఊరు వెళుతున్నామంటే మనవాళ్ళు మొదట అడిగేది "ఆ ఊళ్ళో మనకెవరున్నారు?" అనే. చుట్టం ఇల్లు ఒకటి ఉంటే చాలు, అక్కణ్ణుంచి బజారు, గుడి, బస్టాండు అన్నీ మనమే తెలుసుకుంటాం. నేను అక్కకి ఆ ఊళ్ళో ఒక్క చుట్టాన్ని కూడా చూపించలేదు.

తర్వాత జాజ్ గురించి కాస్త చదువుకున్నాను. ఆ ఆల్బంలో మొదటి రచన చట్రం చాలా సాదా. మొత్తం 32 బార్లు (మన ఆవర్తనాల్లాంటివి), బారుకి నాలుగు దెబ్బలు. మొదటి 16 బార్లు వాళ్ళు డోరియన్ అనే స్వరవరసలో ఉంటాయి. ఆ వరసని మన పేర్లతో రాసుకుంటే చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. మన మూలరాగాల వరసలో, అంటే మేళకర్తల్లో, 22వది. ఖరహరప్రియ. త్యాగరాజు ఎన్నో కృతులు పెట్టిన రాగం, అక్క తన శిష్యులకి ఏటా నేర్పే రాగం! తర్వాతి ఎనిమిది బార్లలో వరసంతా అర మెట్టు పైకి జరుగుతుంది. చివరి ఎనిమిదిలో మళ్ళీ మొదటి చోటికి దిగుతుంది. అంతే దాని నిర్మాణం. దాని లోపల అప్పటికప్పుడు అల్లుకునే మనోధర్మం ఎవరిది వాళ్ళదే.

ఫోన్ చేశాను. "అక్కా, ఆ మొదటిది ఇంకొక్కసారి వినండి. స్వరాలు ఖరహరప్రియవి. పదహారు బార్లయ్యాక షడ్జమమే అర మెట్టు జరుగుతుంది. ఆ జరిగే చోట చెవి పెట్టండి" అన్నాను. రాత్రి పదింటికి ఆవిడే చేశారు. అంత రాత్రప్పుడు చెయ్యరు ఎప్పుడూ.

"గమకం లేనిది ఖరహరప్రియ కాదు. ఆ మాట మాత్రం నేనొప్పుకోను" అని మొదలుపెట్టారు. ఒప్పుకోకపోవడం నాకెంత ఆనందంగా ఉందో చెప్పలేను. హోటల్ భోజనం దగ్గర పెట్టే సంగీతంతో ఎవరూ పోట్లాడరు కదా. తర్వాత అన్నారు: "గ్రహభేదంలో స్వరాలు ఉన్నచోటే ఉంటాయి, షడ్జమం మారుతుంది. ఇక్కడ ఇల్లంతా లేచి పక్కకి జరిగింది రా. మనం ఆధారశ్రుతిని ఎప్పుడూ కదపం. కదిపితే ఏమవుతుందో నేనెన్నడూ ఆలోచించలేదు." కాసేపు ఆగి అడిగారు: "ఆ బాకా ఆయన ఒక్కో స్వరం తర్వాత అంతసేపు ఊరుకుంటాడేమిటి? దేనికోసం చూస్తున్నాడు?" మైల్స్ డేవిస్ గురించి అంతకన్నా మంచి ప్రశ్న నేనెక్కడా చదవలేదు. మా రెండు వాక్యాల నియమానికి ఆ ఫోనే పునాది.

నిజానికి ఇంకా పాత పునాది ఒకటుంది. 1989లో నేను పదో తరగతి. తెనాలిలో క్యాసెట్ షాపుకి నోటుబుక్కు కాగితం మీద పాటల వరస రాసుకుని, అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ పట్టుకెళ్ళి ఇచ్చేవాళ్ళం. పాటలు ఎక్కించి రెండ్రోజుల్లో ఇచ్చేవాడు షాపు అన్న. పక్కకి ఆరో ఏడో పాటలు పట్టేవి. చివర రెండు మూడు నిమిషాలు మిగిలితే మామూలుగా ఖాళీగా వదిలేస్తారు, లేదా ఏదో పాట సగం ఎక్కించి కత్తిరిస్తారు. ఈయన అలా కాదు. మిగిలిన జాగాలో తనకి నచ్చింది ఒకటి పెట్టేవాడు. ఒకసారి నా ఇళయరాజా పాటలన్నీ అయిపోయాక, ఎవరూ పాడని ఒక వాద్యసంగీతం మొదలైంది. లోపలి అట్ట మీద నీలం సిరాతో రాసి ఉంది: "ఇదీ రాజాదే. మాటలుండవు, వయొలిన్ వెంట పో."

అది 1986లో ఇళయరాజా త్యాగరాజుకీ బాక్‌కీ అంకితమిచ్చిన 'హౌ టు నేమ్ ఇట్' లోది. వయొలిన్ వి.ఎస్. నరసింహన్‌ది. నాకు అప్పుడు ఇవేమీ తెలియవు. బాక్ అన్న పేరే వినలేదు. వయొలిన్ వెంట పొమ్మన్నాడు గనక పోయాను. సినిమా పాటల్లో రెండు చరణాల మధ్య మెరిసి మాయమయ్యే ఆ వాద్యాల గుంపు ఇక్కడ మాయం కాకుండా తనంతట తాను మాట్లాడుతోంది. జర్మనీలో 1750లో చనిపోయిన బాక్ అనే చర్చి ఆర్గన్ విద్వాంసుడి దగ్గరికి నేను తెనాలి క్యాసెట్ షాపు మీదుగా చేరాను. దారి చూపించినవాడు ఒక పేజీ రాయలేదు. నేను ఏం వింటానో తెలుసుకుని, నా ఇంటికి ఆనుకుని ఉన్న గుమ్మం ఒకటి తెరిచాడు.

సహారా ఎడారిలోనూ ఇలాంటి పని జరిగిందని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఉత్తర మాలి నుంచి చెదిరిపోయిన తువారెగ్ జనం పాడుకునే సంగీతం ఉంది. అందులో పేరున్న బృందం తినారివెన్. దాని మూలపురుషుడు ఇబ్రహీం ఆగ్ అల్‌హబీబ్ చిన్నతనంలో ఒక రేకు డబ్బా, కర్ర, సైకిల్ బ్రేకు తీగతో మొదటి గిటారు చేసుకున్నాడు. కాందిశీకుల మధ్య, తిరుగుబాటు శిబిరాల మధ్య వాళ్ళు పాటలు కట్టారు. ఖాళీ క్యాసెట్ తెచ్చిచ్చిన ఎవరికైనా ఉచితంగా పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్ళు. ఆ క్యాసెట్లు చేతులు మారుతూ ఎడారంతా తిరిగాయి. రేడియో లేదు, కంపెనీ లేదు. ఒకడు ఇంకొకడి చేతిలో పెట్టి విను అన్నాడు, అంతే.

నా వంతులో ఒకసారి వాళ్ళ పాట పంపించాను. "పాట ఎక్కడికీ ఎక్కదు, దిగదు. గిటారు ఒకే చోట నడుస్తుంటే దాని కింద చప్పట్లు ఎలా తోడొస్తున్నాయో వినండి" అని రాశాను. బుధవారం పాలమూరు తమ్ముడి జవాబు వచ్చింది. "అన్నా, గాయన పాడుతలేడు, నడుస్తుండు. మా దిక్కు కిన్నెర గిట్లనే ఉంటది. ఒక్కతీరుగ నడుస్తనే కత చెప్తది." తర్వాత తన వంతు రాగానే దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర పంపాడు. నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు, 2022లో పద్మశ్రీ వచ్చాక మనలో చాలామందికి తెలిసినవాడు. వెదురు బొంగు, ఎండిన సొరబుర్రలు, తేనెమైనం కలిపి చేసిన వాద్యం. ఉన్నోళ్ళని కొట్టి లేనోళ్ళకి పెట్టిన పండుగ సాయన్న కథ దాని మీద నడుస్తుంది. రెండూ వరసగా విన్నాం. బ్రేకు తీగ గిటారూ, సొరబుర్ర కిన్నెరా.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. "చూశారా, అంతా ఒక్కటే" అనడానికి నోరు ఊరుతుంది. ఒక్కటి కాదు. ఎడారిలో దేశం పోగొట్టుకున్నవాడి పాట వేరు, పాలమూరు దొరల కాలపు వీరుడి కథ వేరు. లయలు వేరు, స్వరాలు వేరు. ఇల్లు తెలిసిన చుట్టం ఉన్నంత మాత్రాన ఆ ఊరు మన ఊరు అయిపోదు. పోలిక గుమ్మం దాకా తీసుకెళుతుంది. లోపలికి అడుగుపెట్టాక తేడాలు వినాలి, వినడంలో సారమంతా ఆ తేడాల్లోనే ఉంది. అక్క ఖరహరప్రియ కాదని పోట్లాడింది అందుకే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇదంతా ఫోను చేస్తోంది కదా, మనుషులెందుకు? స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో మన దేశానికి వచ్చింది. యూట్యూబు అంతకు ముందు నుంచే ఉంది. నేను వాటిని తిట్టను. నాకు వాటి ద్వారా దొరికిన మంచి సంగీతం చాలా ఉంది. చిన్నప్పుడు పుస్తకాల్లో పేరు చదివి, వినే దారి లేక వదిలేసినవన్నీ ఇప్పుడు జేబులో ఉన్నాయి. కానీ ఆ యంత్రం పని చేసే తీరు చూడండి. నేను విన్నవే విన్న ఇతరులు ఇంకేం విన్నారో చూసి, అది నా ముందు పెడుతుంది. అంటే నా వీధికి పక్క వీధి, దానికి పక్క వీధి. అలా పోతే నా ఊరంతా తిరుగుతాను, వేరే ఊరు మాత్రం చేరను. పైగా స్పాటిఫైలో ముప్పై సెకన్లు దాటితేనే విన్నట్టు లెక్క. కొత్త సంగీతం మన చెవికి వింతగా, అడ్డంగా తగిలేది సరిగ్గా ఆ మొదటి ముప్పై సెకన్లలోనే! నేను వేలు ఎత్తి దాటేస్తాను. దానికి అది నా రుచి అని అర్థమవుతుంది. నిజానికి అది రుచి కాదు, బెరుకు. అలాంటిదాన్ని మళ్ళీ నా ఛాయలకి రానివ్వదు.

స్నేహితుడు నా బెరుకుని రుచి అనుకోడు. "మొదటిసారి నచ్చదు, తెలుసు, ఇంకోసారి విను" అనగలడు. మా మూడుసార్ల నియమం అందుకే. తినగ తినగ వేము తియ్యనవుతుందని వేమన అన్నది మనందరికీ కంఠతా వచ్చు గానీ, ఆ పద్యం మొదలయ్యేది రాగంతో. అనగా అనగా రాగం అతిశయిల్లుతుందన్నాక వేపాకు మాట వస్తుంది. మొదటిసారి వింటే చెవికి శబ్దం తెలుస్తుంది. రెండోసారికి ఏది తర్వాత ఏది వస్తుందో ఎదురుచూడ్డం మొదలవుతుంది. మూడోసారి వినేటప్పటికి ఆ ఎదురుచూపుని పాట ఎక్కడ తీర్చిందో, ఎక్కడ మోసం చేసిందో తెలుస్తుంది. మా అనుభవంలో మొదటిసారికీ మూడోసారికీ మధ్య అభిప్రాయం మారినవి సగానికి పైనే.

యంత్రానికి తెలియనిది ఇంకోటుంది, ఎప్పుడు వినకూడదో. మా నాన్న పోయినప్పుడు మా ఆదివారాలు ఆగిపోయాయి. మూడో రోజున పాలమూరు తమ్ముడు ఏకతార మీద పాడిన ఒక తత్వం పంపాడు. కింద వాక్యాలు: "అన్నా, ఇది ఇప్పుడు వినకు. కర్మ అయినంక ఒక్కనివే కూసుని విను." అలాగే విన్నాను. దాని గురించి మేము తర్వాత ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

డబ్బు సంగతి కూడా ఉంది. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి వెయ్యిసార్లైనా వినబడని రికార్డింగుకి పైసా లెక్కకట్టరు. ఊళ్ళో జాతరలో పాడేవాళ్ళ పాటలు, చిన్న భాషల పాటలు ఆ వెయ్యి దాటాలంటే పక్క వీధి లెక్కల వల్ల కాదు. ఎవరో ఒకరు పట్టుబట్టి ఇంకొకరికి వినిపించాలి.

పట్టుబట్టడం అంటే మీద పొయ్యడం కాదు. నా మిత్రుడొకరు (మా అయిదుగురిలోవాడు కాదు) నూట నలభై పాటలున్న ప్లేలిస్టు పంపి, నెల తర్వాత "విన్నావా?" అని అడిగాడు. వినలేదు, వినలేను కూడా. నూట నలభై పాటలు ఇచ్చినవాడు నా గురించి ఒక్క క్షణం ఆలోచించి ఉండడు, తన బీరువా తెరిచి చూపించాడు. ఒక్క పాటే పంపాలంటే ఎంచుకోవాలి. ఎంచుకోవాలంటే ఎదుటివాడి చెవి గుర్తు చేసుకోవాలి. వాడు ఏం వింటూ పెరిగాడు, దేనికి చిరాకు పడతాడు, ఈ వారం వాడి ఇంట్లో ఏం జరుగుతోంది. ఈ శ్రమ లేకుండా పంపిన పాటకి పండగనాడు గుంపుగా వచ్చే శుభాకాంక్షల గతే పడుతుంది.

డాలస్ మిత్రుడు మొదట్లో ఇదే తప్పు చేసేవాడు. గిటార్ల ఉరుము పంపి, "వాల్యూం పెంచి వినండి" అని రాసేవాడు. అక్క పాపం మూడుసార్లూ వినేవారు, మాట్లాడేవారు కాదు. ఒకసారి టూల్ అనే బృందం 2001 నాటి 'లాటరాలస్' పంపాడు. అప్పుడు మాత్రం వాక్యం మారింది: "అక్కా, పల్లవి దగ్గర చేత్తో లెక్కపెట్టండి. తొమ్మిది, ఎనిమిది, ఏడు." సోమవారమే అక్క గొంతు రికార్డు చేసి పంపారు, నవ్వుతూ. "ఒరే నాయనా, ఇది గోపుచ్ఛ యతి రా! ఆవు తోకలాగా సన్నబడుతూ వస్తోంది. ముత్తుస్వామి దీక్షితార్ ఆనందభైరవి రాగంలో మాటలతో చేసిన పని ఈ పిల్లలు లెక్కలతో చేశారు." ఆ ఉరుము ఆవిడకి ఇప్పటికీ ఇష్టం లేదు. కానీ తర్వాతి వారం తన శిష్యుల చేత తొమ్మిది, ఎనిమిది, ఏడు తాళం వేయించారు.

నచ్చకపోవడానికి మా దగ్గర పూర్తి హక్కుంది. మా పిన్ని కొడుకు పంపే ర్యాప్ చాలా వరకు నాకు ఎక్కలేదు. వాడు మంచి దుబాసీ. "అన్నయ్యా, ట్యూన్ కోసం వెతకొద్దు, హల్లుల మీద ఉండు" అంటాడు. ఉన్నాను. మన పద్యంలో ప్రాస పాదానికి రెండో అక్షరం దగ్గర కూర్చుంటుంది. వీళ్ళ ప్రాస చివర దెబ్బ కొట్టి, మళ్ళీ ఊహించని చోట మధ్యలో కొడుతుంది. అక్కడి పనితనం నాకు స్పష్టంగా వినబడుతోంది, గౌరవం కలిగింది. మనసు మాత్రం పోలేదు. ఆ మాటే వాడికి చెప్పాను, వాడు నొచ్చుకోలేదు. వినకముందు నచ్చదనడం వేరు, విన్నాక నచ్చలేదనడం వేరు. రుచి అన్న మాట రెండోదానికే చెల్లుతుంది.

ఈ నాలుగేళ్ళలో నన్ను బాగా కలవరపెట్టిన సంగతి ఒకటుంది, అది చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. మొదటి ఏడాదంతా పాలమూరు తమ్ముడు గజళ్ళు, పాత హిందీ పాటలు పంపేవాడు. చాలా మంచివి. కానీ తన ఊరి పాట ఒక్కటీ రాలేదు. ఒకరోజు డాలస్ మిత్రుడు, ఎవరో పోర్చుగీసు సహోద్యోగి వినిపిస్తే విని కదిలిపోయి, సెజారియా ఎవోరా పాడిన 'సొదాద్' పంపాడు. ఆఫ్రికా పడమటి తీరానికి అవతల కేప్ వర్డ్ దీవుల్లో మిండెలో ఊరి గాయని. 1941లో పుట్టి, యాభయ్యో ఏట గానీ లోకానికి తెలియలేదు, వేదిక మీద చెప్పులు లేకుండా పాడేది. పోర్చుగీసు పాలనలో ఆ దీవుల జనం కూలి ఒప్పందాల మీద సావ్ తొమే కోకో తోటలకి పోయేవాళ్ళు. ఆ దూరపు దారి గురించీ, ఊరి మీద బెంగ గురించీ పాట. "మాట అర్థం కాకపోయినా సావ్ తొమే అన్న పేరు ఎన్నిసార్లు వస్తుందో, వచ్చినప్పుడల్లా గొంతు ఏమవుతుందో వినండి" అని రాశాడు.

తమ్ముడు బుధవారం ఏమీ అనలేదు. ఆదివారం తన వంతు కాకపోయినా ఒక రికార్డింగు పంపాడు. వాళ్ళమ్మ పాడింది. పాలమూరు లేబరు అంటే దేశంలో డ్యాములూ కాలువలూ కట్టిన చేతులు. మొగుడు బొంబాయి పనికి పోతే పొలంలో నాట్లేస్తూ ఆడవాళ్ళు పాడుకునే పాట అది. వెనక ఎక్కడో మేక అరుస్తోంది. మేమంతా ఒకటే అడిగాం, ఇన్నాళ్ళూ ఎందుకు పంపలేదని. "గవి సంగీతం గాదు గదన్నా. మావోళ్ళ పాటలు" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆలోచించి చూడండి, "మీ అమ్మాయికి సంగీతం వచ్చా?" అని మనం అడిగితే దాని అర్థం ఒక్కటే, కర్ణాటక సంగీతం నేర్చుకుందా అని. వందల పాటలు నోటికొచ్చిన ఆ తల్లిని అడిగితే "నాకు సంగీతం రాదు" అంటుంది, నిజాయితీగా. డప్పు మోగితే అది చప్పుడు, మృదంగం మోగితే అది లయ. మన భాషలో ఒక పెద్ద మాటని కొన్ని వీధుల వాళ్ళం పట్టుకుని, మిగతా వీధుల వాళ్ళకి పాట అనీ, పదం అనీ, చప్పుడు అనీ చిల్లర పంచాం. వేరువేరు సంగీతాలు వినాలని నేను పట్టుబట్టడానికి చెవికి రకరకాల రుచులు కావాలనేది చిన్న కారణం. పక్క వీధి మనిషి నోట తన సొంత పాట గురించి "సంగీతం గాదు గదన్నా" అన్న మాట రాకూడదనేది పెద్ద కారణం.

ఇలా అన్ని సంగీతాలూ వింటే మన సంప్రదాయం కలుషితమవుతుందని బెంగపడే పెద్దలు నాకు తెలుసు. వాళ్ళ ప్రేమ నిజమైనదే. కానీ ఏ సంప్రదాయం గురించి మాట్లాడుతున్నారు? కచేరీలో గాయకుడి పక్కన కూర్చునే వయొలిన్ ఐరోపా నుంచి వచ్చింది, ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దాన్ని మన చేతికి తెచ్చాడు. ఆ ముత్తుస్వామే తెల్లవాళ్ళ బ్యాండు మెట్లకి సంస్కృత సాహిత్యం కట్టి నోట్టుస్వరాలు చేశాడు. అదే వయొలిన్‌తో ద్వారం వెంకటస్వామినాయుడు విజయనగరం సంగీత కళాశాలకి దేశమంతటా పేరు తెచ్చాడు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరానికి దిక్కయ్యాడు. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పొట్టి తీగల పాశ్చాత్య మాండలిన్ మీద రాగాలాపన చేసి చూపించాడు. వీటన్నిటి వెనకా ఏదో ఒక రోజు, ఎవరో ఒకరు, తనది కాని శబ్దం ముందు ముప్పై సెకన్లు దాటి కూర్చున్నారు.

పోయిన ఆదివారం వంతు అక్కది. నాలుగేళ్ళలో ఆవిడ పంపినవి దాదాపు అన్నీ కృతులు, జావళీలు, ఒకటి రెండు హరికథలు. ఈసారి వచ్చింది ఆవిడ తన ఫోనులో తీసిన రికార్డింగు, పైడితల్లి సిరిమాను రోజుల్లో వీధిలో చెప్పిన జముకుల కథ. జనం మాటలు, ఆటోల హారన్లు అన్నీ అందులో ఉన్నాయి. జముకు అంటే ఒక పక్క తోలు మూసిన చిన్న డోలు లాంటిది, తోలు నడిమి నుంచి తీగ వస్తుంది. తీగని బిగించి మీటుతారు, బిగువు మారితే స్వరం జారుతుంది.

కింద అక్క రాసిన రెండు వాక్యాలు ఇవి: "తీగ బిగించేటప్పుడు స్వరం ఎక్కణ్ణుంచి ఎక్కడికి జారుతోందో వినండి, అది గమకమే. ముప్పై ఏళ్ళుగా మా వీధి చివర వినబడుతున్నా, పాఠానికి అడ్డమని కిటికీ వేయించేదాన్ని."

ఇప్పటికి రెండుసార్లు విన్నాను. మూడోది ఈ రాత్రికి.